పాత ఆర్గన్ ప్లగిన్ కొత్త లాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదు, 11 పద్యాల రికార్డింగు ఉంది

పర్లాకిమిడి పెట్టె · శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదైపోయింది, ఓపిక పట్టండి.

2008లో మా మేడమీద గదిలో మా హార్మోనియం మాస్టారి చేత పదకొండు నాటక పద్యాలకి వాయింపించి రికార్డు చేశాను. అప్పుడు విండోస్ ఎక్స్‌పీ, రికార్డింగుకి క్యూబేస్ 4 అనే ప్రోగ్రాం. హార్మోనియం పెట్టెకి మైకు పెడితే వీధిలో ఆటోలు, పక్కింటి మిక్సీ, కుక్కలు అన్నీ కలిసి వచ్చీసేవి. అందుకని మాస్టారిని మిడి కీబోర్డు (చప్పుడు కాకుండా ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేది) ముందు కూర్చోబెట్టి, లోపల ఒక హామండ్ ఆర్గన్ ప్లగిన్ (ఆ చప్పుడు పుట్టించడానికి క్యూబేస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టాను. "ఇదేట్రా, గాలి లేని పెట్టె" అని నవ్వారు. రెండో రోజుకి అలవాటైపోయింది. పాడినాయన గొంతు వేరే ఆడియో ట్రాకులో ఉంది, అది భద్రంగానే ఉంది.

ఇప్పుడు కొత్త లాప్‌టాప్ కొన్నాను. విండోస్ 11, కొత్త క్యూబేస్. పాత ప్రాజెక్టు తెరిస్తే ప్లగిన్ దొరకలేదంటోంది. మిడి నోట్లు కనబడతన్నాయి, చప్పుడు లేదు. వెనక శ్రుతి లేకుండా ఆ గొంతొక్కటే వింటే ఎలాగుందో ఏం చెప్పమంటారు.

ప్లగిన్ పాతకాలపు 32 బిట్ రకం. దాన్ని అమ్మడం ఎప్పుడో మానేశారు. పాత కంప్యూటర్ ఉంది గానీ ఆన్ చేస్తే హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటోంది. మాస్టారికి 78 ఏళ్ళు, వేళ్ళు వంగట్లేదు, మళ్ళీ వాయించమని అడగలేను. ఏ ప్లగిన్ వేస్తే అదే చప్పుడు వస్తుంది?

బరంపురం మిక్సింగ్ · శనివారం రాత్రి 10:40

అదే చప్పుడు రాదు. ఆ ఆశ వదిలేస్తే మిగతా పని సులువు.

క్యూబేస్ 9 నుంచి 32 బిట్ ప్లగిన్లు తీసేశారు. ఏబుల్టన్ లైవ్‌లో 10 నుంచి లేవు. మేక్‌లో అయితే 2019లో కేటలినా వచ్చాక 32 బిట్ ప్రోగ్రామే నడవదు. మీ ఒక్కరి బాధ కాదిది. 2000 ఆ ప్రాంతంలో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ బీ4 వచ్చినప్పట్నించీ కంప్యూటర్లో ఆర్గన్ అంటే చాలామందికి అదే. 2005లో బీ4 టూ వచ్చింది, తర్వాత ఆపేశారు. దాని మీద పాటలు చేసిన వాళ్ళందరూ ఏదో ఒక రోజు మీలాగే వచ్చి అడిగారు.

డబ్బు పెట్టగలిగితే: ఐకే మల్టీమీడియా బీ-3ఎక్స్ (హామండ్ వాళ్ళ అనుమతితో 2019లో వచ్చింది), జీఎస్ఐ వారి వీబీ3 టూ, జీజీ ఆడియో వారి బ్లూ3, ఆర్టూరియా బీ-3 వీ. కాంటాక్ట్ అనే ప్రోగ్రాం ఉంటే వింటేజ్ ఆర్గన్స్ అని ఒక శాంపిల్ లైబ్రరీ (నిజం వాయిద్యాల స్వరాలు రికార్డు చేసి పెట్టినది) ఉంది, అందులో ఫర్ఫీసా, వాక్స్ కూడా వస్తాయి. నాకు శాంపిల్ ఆర్గన్లు పడవు. డ్రాబార్ (చప్పుడు రంగు మార్చడానికి లాగే మీట) లాగుతూ వాయిస్తే మోడలింగ్ ప్లగిన్లే (చప్పుడుని అప్పటికప్పుడు లెక్కకట్టి పుట్టించేవి) మాట వింటాయి. వీటిలో చాలావాటికి డెమోలు ఉంటాయి, ముందు విని చూడండి. మా క్లయింట్లకి ఏది పెట్టినా తేడా తెలీదు, అది వేరే సంగతి.

రాయగడ రిపేరు · శనివారం రాత్రి 11:05

ప్లగిన్ సంగతి తర్వాత బావా. ముందు ఆ కంప్యూటర్ ఆన్ చెయ్యడం మానెయ్!! టిక్కుమనే డిస్కు ఇంకెన్నిసార్లు లేస్తాదో దానికే తెలీదు. ఊరికే "ఇంకోసారి చూద్దాం" అని ఆన్ చేసి పోగొట్టుకున్న వాళ్ళు నా బల్ల ముందుకి వారానికొకరు వస్తారు.

డిస్కు బయటికి తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరే మిషనుకి తగిలించు. అన్నిటికన్నా ముందు ప్రాజెక్టు ఫోల్డర్ కాపీ చెయ్. అది అయ్యాక మొత్తం డిస్కుకి క్లోన్ తియ్. క్లోన్‌ని పాత డబ్బాలో పెట్టి లేపు. లేస్తే ఆ ప్లగిన్ కిటికీ తెరిచి ఫోన్‌తో ఫొటోలు తియ్, ప్రతి పాటకీ వేరుగా. తర్వాత మిడి ఫైలు ఎక్స్‌పోర్ట్, ఆర్గన్ ఒక్కటీ సోలో పెట్టి ఆడియో ఎక్స్‌పోర్ట్. 24 బిట్, మొదటి బార్ నుంచి, రివర్బ్ తీసేసి. ఇదంతా అయ్యేవరకు కొత్త ప్లగిన్ పేరు ఎత్తకు.

టెక్కలి కుర్రాడు · శనివారం రాత్రి 11:31

రీపర్ వేసుకోండి అన్నా, అదీ క్యూబేస్ లాంటి ప్రోగ్రామే. 64 బిట్ రీపర్‌లో 32 బిట్ ప్లగిన్ తెరుచుకుంటుంది, మధ్యలో అదే వంతెన కడుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో కూడా అంతే. క్యూబేస్ వదలనంటే జేబ్రిడ్జ్ అని ఉంది, కొనాలి. పాత ప్లగిన్ సెటప్ ఫైలు లింకు నా దగ్గర ఉంది, పెట్టనా?

బరంపురం మిక్సింగ్ · శనివారం రాత్రి 11:36

లింకులు పెట్టొద్దు తమ్ముడూ. క్రాక్‌లో ఏం దూరి వస్తుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. పైగా వంతెన మీద నడిచేది ఈసారి విండోస్ అప్‌డేట్‌కి కూలదని నమ్మకం ఏమిటి? పాత ఫైలు తెరిచి ఆడియో దించుకోడానికైతే వంతెన మంచిదే, దాని మీద కాపురం పెట్టకూడదు.

పర్లాకిమిడి పెట్టె · ఆదివారం సాయంత్రం 6:20

రాయగడ బావా, నీ నోట్లో పంచదార పొయ్యాలి. ఫోల్డర్ మొత్తం కాపీ అయింది. క్లోన్ కూడా లేచింది. ఏడు పద్యాలకి ఆర్గన్ ఆడియో వచ్చీసింది. ఎనిమిదో దానికి స్క్రీన్ నీలంగా అయి ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా ప్లగిన్ తెరవగానే నీలం తెరే. మదర్ బోర్డు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. అంటే నాలుగు పద్యాలకి మిడి మాత్రమే ఉంది. ఫొటోలు మాత్రం పదకొండుకీ ముందే తీసీసాను.

వంతెన దారి నాకు లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పట్లో ఆ ప్లగిన్ ఒక స్నేహితుడు డీవీడీలో కాపీ కొట్టి ఇచ్చింది. డీవీడీకి బూజు పట్టింది, సీరియల్ రాసిన చీటీ మా ఆవిడ ఏ దసరాకో ఊడ్చీసుంటాది. ఈసారి కొనుక్కునే వాడతాను.

జయపురం కోయిర్ · ఆదివారం రాత్రి 8:02

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. మేము చర్చిలో గ్రాండ్ఆర్గ్ వాడుతున్నాం. ఉచితం. విండోస్, మేక్, లైనక్స్ అన్నిట్లో ఉంది. నిజం చర్చి ఆర్గన్లు ఒక్కో గొట్టం వేరుగా రికార్డు చేసి పెట్టిన శాంపిల్ సెట్లు నెట్‌లో దొరుకుతాయి. హాప్ట్‌వెర్క్ కూడా అలాంటిదే, అది కొనాలి. ర్యామ్ మాత్రం బాగా తింటుంది, మా 8 జీబీ సిస్టంలో చిన్న సెట్టే పడుతుంది. మాకు ఇదివరకు కాళ్ళతో తొక్కే హార్మోనియం ఉండేది, ఎలకలు తిత్తి కొరికేశాయి. దాని బదులు ఇది పెట్టాం. మీక్కూడా ఇది సరిపోతుందేమో.

సిరొంచ లైనక్స్ · ఆదివారం రాత్రి 8:45

జయపురం అన్నా, అది గొట్టాల ఆర్గన్. ఈయన అడుగుతున్నది హామండ్. రెండూ ఆర్గన్లే గని లోపటి కథ వేరు.

హామండ్‌ల గాలి లేదు, గొట్టం లేదు. మోటరు మీద దంతాల చక్రాలు తిరుగుతయ్, బీ-3ల 91 ఉంటయ్. ఒక్కో చక్రం ముంగట అయస్కాంతం, తీగ చుట్ట. చక్రం పన్ను దాని ముందు నుంచి పోయినప్పుడల్ల కరెంటు ఊగుతది, అదే స్వరం. లారెన్స్ హామండ్ 1935ల అమ్మకానికి తెచ్చిండు. గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిలే తొలి గిరాకీ. అందుకే డ్రాబార్ల మీద ఇప్పటికీ గొట్టాల పొడవులే రాసి ఉంటయ్, 16 అడుగులు, 8 అడుగులు అనుకుంట. లోపల అడుగు గొట్టం కూడా లేకపాయె.

పర్లాకిమిడి అన్నా, నీ ఫొటోల తొమ్మిది డ్రాబార్లు ఉన్నయ్ కదా. ఎడమ నుంచి కుడికి ఒక్కోటి ఎంత బయటికి గుంజి ఉందో 0 నుంచి 8 దాక అంకె రాసుకో. 88 8000 000 లెక్క. ఏ కంపెనీ ప్లగిన్‌లనైనా ఆ తొమ్మిది అంకెలు పెడితే ముప్పావు దారి వచ్చినట్టే. నేనైతే సెట్‌బీఫ్రీ వాడుతున్న, పైస లేదు, సోర్సు కూడా ఓపెన్. అది ఎల్‌వీ2 అనే రకం ప్లగిన్, ఆర్డర్ అనే రికార్డింగు ప్రోగ్రాంల, రీపర్‌ల నడుస్తది, క్యూబేస్‌ల తెరువది. రీపర్‌ల వాయించి ఆడియో చేసుకొని క్యూబేస్‌ల వేసుకోవచ్చు.

గుణుపూర్ డోలు · ఆదివారం రాత్రి 9:30

నాకు కంప్యూటర్ రాదు, మా అబ్బాయి ఫోన్లో చదివి రాయిస్తున్నాను. నాటకం పద్యానికి ఈ అమెరికా పెట్టె ఎందుకు? హార్మోనియమే పెట్టొచ్చు కదా. హార్మోనియం శాంపిల్ దొరకదా?

హార్మోనియాన్నీ మనోళ్ళు మొదట్లో పరాయిదనే అన్నారనుకోండి. గమకం పలకదని 1940లో రేడియోలోంచి గెంటేశారు. 1971 దాకా రానివ్వలేదు. అయినా నాటకం దాన్ని వదల్లేదు.

పర్లాకిమిడి పెట్టె · ఆదివారం రాత్రి 10:15

డోలు మాస్టారూ, దొరుకుతుంది. వేసి చూశాను. ఆ శాంపిళ్ళలో ఒక్కో స్వరానికి తిత్తి ఎలా కొట్టారో అదే పడి ఉంటుంది, పద్యంలో ఆరు సెకన్లు పట్టిన స్వరం మూడో సెకనుకే వెనక్కి తిరిగి మొదలవుతోంది. పైగా ఏడు పద్యాలు ఆర్గన్‌తోనే వచ్చేశాయి. మిగతా నాలుగూ అలాగే ఉండాలి, లేకపోతే అతుకుల బొంత అయిపోతాది.

డ్రాబార్ అంకెలు రాసుకున్నాను. కొనే ప్లగిన్లలో ఒకదాని డెమో దించాను. పేరు చెప్పను, తప్పు దానిది కాకపోవచ్చు. చప్పుడు నిజంగా దగ్గరగా వచ్చింది. కానీ రెండు తేడాలు.

ఒకటి, పాత దాంట్లో స్వరం మొదట్లో "టక్" అని ఒక చిన్న దెబ్బ ఉండేది. కొత్త దాంట్లో లేదు.

రెండోది పెద్దది. మధ్యమధ్యలో చప్పుడు గిర్రున తిరగడం మొదలెడతంది. కాసేపు ఫ్యాను ఐదులో పెట్టినట్టు, అంతలో ఒకటికి వచ్చీసి, మళ్ళీ ఐదు. పద్యం ఒక చోట విషాదంగా సాగుతుంటే వెనకాల జాతర్లో రంగులరాట్నం తిరిగినట్టుంది. నేనేమీ ముట్టుకోలేదు. ఇది ప్లగిన్ లోపమా?

సిరొంచ లైనక్స్ · ఆదివారం రాత్రి 10:50

మొదటిది అల్కగనే చెప్త. అది పర్కషన్. ప్లగిన్‌ల వేరే మీట ఉంటది, రెండో హార్మోనిక్‌దా మూడోదా అని. నీ ఫొటోల చూడు, ఆన్ ఉంటది. ఒక ముచ్చట యాదికి పెట్టుకో, అసలు బీ-3ల పర్కషన్ ఆన్ చేస్తే ఆఖరి డ్రాబార్ పలుకది, ఆ తీగెలనే దెబ్బకు వాడుకున్నరు. ఇంకోటి, అన్ని మెట్లు విడిచినంకనే మళ్ళ దెబ్బ పడతది. మీ మాస్టారు హార్మోనియం మనిషి, మెట్టు మీంచి మెట్టుకు జారుకుంట వాయిస్తడు. అట్ల వాయిస్తే చరణం మొదట్ల ఒక్కసారే టక్కుమంటది. పాతదాంట్ల గూడ గట్లనే ఉండి ఉంటది, విను.

రెండోది లెస్లీ. ఆర్గన్ పక్కన ఒక పెట్టె ఉంటది, పైన కొమ్ము, కింద డ్రమ్ము తిరుగుతయ్. మెల్లగైతే నిమిషానికి 50కి అటిటు, జోరుగైతే 400 దగ్గర. కొమ్ము తేలిక, జల్దిన అందుకుంటది. డ్రమ్ము బరువు, ఎన్కకు పడ్తది. నీ మిడిల ఎవరో ఆ స్పీడు మీటను మలుపుతున్నరు. ఆ ట్రాకుల కంట్రోలర్ గీతలు (మీటలు, పెడళ్ళు కదిపిన గుర్తులు) తెరిచి ఫొటో పెట్టు. 1 నంబరుది, 64ది రెండూ.

బరంపురం మిక్సింగ్ · ఆదివారం రాత్రి 11:10

64 చూడటం మంచిదే. పియానో అలవాటు ఉన్నవాళ్ళు ఆర్గన్ వాయిస్తూ కూడా సస్టెయిన్ పెడల్ తొక్కుతారు, కొన్ని ప్లగిన్లు దాన్ని లెస్లీ స్విచ్ అనుకుంటాయి. ఎందుకొచ్చిన గొడవ, కంట్రోలర్ డేటా మొత్తం చెరిపేసి నోట్లు మాత్రం ఉంచుకోండి. రెండు నిమిషాల పని.

పర్లాకిమిడి పెట్టె · సోమవారం ఉదయం 7:05

ఫొటో పెట్టాను. 64 ఖాళీ. 1లో మాత్రం ఇంతింత గీతలు. పద్యం పొడుగునా కొండలూ లోయలూ. ఇవి ఎక్కణ్ణించి వచ్చాయో నాకు అర్థం కావట్లేదు. బరంపురం అన్న చెప్పినట్టు చెరిపేద్దామనుకుంటున్నాను.

గుణుపూర్ డోలు · సోమవారం ఉదయం 8:40

చెరపొద్దు! ఆగండి.

మా అబ్బాయి ఆ బొమ్మ పెద్దది చేసి చూపించాడు. నేను ఇరవై ఏళ్ళు హార్మోనియం పక్కన డోలు పట్టుకుని కూచున్నవాణ్ణి. అది తిత్తి. పైకి లేచి, మెల్లగా దిగి, గాయకుడు ఊపిరి తీసే చోట కింద ఆగి, రాగం ఎత్తగానే గభాల్న లేచింది చూడండి. మీ మాస్టారు కుడి చేత్తో వాయిస్తుంటే ఎడం చెయ్యి ఊరుకుందా? ఊరుకోదు. ఆ చేతికి ఏదో దొరికుంటాది.

పర్లాకిమిడి పెట్టె · సోమవారం ఉదయం 9:15

అమ్మ బాబోయ్.

ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు ఆయన ఎడం చెయ్యి గాల్లో ఊపుతూ "దీనికి పట్టు లేదురా, బిగించడం ఎలా, వదలడం ఎలా" అని విసుక్కున్నారు. ఆర్గన్ మెట్టు గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినా ఒకటే చప్పుడు కదా. అప్పుడు నేను కీబోర్డు ఎడమ పక్కనున్న మోడ్యులేషన్ చక్రాన్ని పాత ప్లగిన్‌లో వాల్యూంకి తగిలించి, "ఇదే మీ తిత్తి" అన్నాను. పదకొండు పద్యాలూ అలాగే వాయించారు. నేనే మర్చిపోయాను. 

సిరొంచ లైనక్స్ · సోమవారం ఉదయం 9:40

గదీ సంగతి. చాల ఆర్గన్ ప్లగిన్లల మోడ్ చక్రం పుట్టుకతోనే లెస్లీ స్పీడుకు కట్టేసి ఉంటది. మీ మాస్టారు తిత్తి కొట్టినప్పుడల్ల కొత్త ప్లగిన్‌ల కొమ్ము గిర్రుమన్నది. ప్లగిన్‌ది తప్పు లేదు. డోలు పెద్దాయనకు దండం.

హామండ్‌కు సప్పుడు పెంచనీకి తగ్గించనీకి కాలి పెడల్ ఒక్కటే. మిడిల అది 11 నంబరు, ఎక్స్‌ప్రెషన్. 1ని 11 చెయ్. క్యూబేస్‌ల లాజికల్ ఎడిటర్ తెరువు. పైన షరతు: రకం కంట్రోలర్, మొదటి విలువ 1. కింద చర్య: మొదటి విలువ 11గ పెట్టు. ఫంక్షన్ ట్రాన్స్‌ఫార్మ్. నాలుగు పాటలకూ కొట్టెయ్. మొదలు ఒక కాపీ దాచిపెట్టుకో.

పర్లాకిమిడి పెట్టె · సోమవారం రాత్రి 9:50

రంగులరాట్నం ఆగిపోయింది! కానీ ఇప్పుడు ఊపిరి తీసే చోటల్లా చప్పుడు పూర్తిగా చచ్చిపోతోంది. శ్రుతి తెగిపోతే గాయకుడు నూతిలో పడినట్టుంది.

బరంపురం మిక్సింగ్ · సోమవారం రాత్రి 10:20

చెరపమన్నందుకు నా చెంప నేనే వేసుకున్నాను, సరేనా.

మీ పాత ప్లగిన్‌లో చక్రం సున్నాకి వచ్చినా కొంత చప్పుడు మిగిలేలా పెట్టి ఉంటారు. కొత్త దాంట్లో సున్నా అంటే సున్నా. అసలు హామండ్ పెడల్ కూడా పూర్తిగా మూగబోదు. అదే లాజికల్ ఎడిటర్‌లో రెండో విలువని 0.65తో గుణించి 45 కలపండి. అప్పుడు 0 కాస్తా 45 అవుతుంది, 127 అలాగే ఉంటుంది. 45 ఎక్కువనిపిస్తే చెవితో విని తగ్గించుకోండి, గుణకాన్ని ఆ మేరకి పెంచండి. ముందు ఆడియోగా దించుకున్న ఏడు పాటల్లో ఒకటి పక్కన పెట్టుకుని పోలిస్తే సరిగ్గా దొరుకుతుంది. గీతలు మరీ గరుకుగా ఉంటే కాస్త నునుపు చెయ్యండి.

జయపురం కోయిర్ · సోమవారం రాత్రి 10:45

బ్రదర్, మా కోయిర్ అమ్మాయిలు పాత కీబోర్డులో హార్మోనియం టోన్ పెట్టి వాయించేటప్పుడు ఊపిరి లేనట్టు ఎందుకుంటుందో నాకు ఇప్పుడు తెలిసింది. రేపట్నించి మేమూ చక్రానికి ఎక్స్‌ప్రెషన్ తగిలిస్తాం.

పర్లాకిమిడి పెట్టె · గురువారం రాత్రి 8:30

నాలుగూ అయ్యాయి. 45 ఎక్కువైంది, 38 దగ్గర కుదిరింది. పాత ఏడింటి పక్కన పెట్టి మా అబ్బాయికి వినిపిస్తే ఏవి కొత్తవో చెప్పలేకపోయాడు. ప్లగిన్ కొనేశాను, ఈసారి బిల్లుతో సహా.

ఈ సాయంత్రం మాస్టారింటికి ఫోన్, ఇయర్ ఫోన్లు పట్టుకెళ్ళాను. కళ్ళు మూసుకుని మూడు పద్యాలు విన్నారు. నాలుగోదానికి మధ్యలో చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇక్కడ వాడు రాగం పొడుగు లాగీసేడు. నాకు తిత్తి అందలేదు, చప్పుడు సగానికి పడిపోయి మళ్ళీ లేపేను. అదేదిరా?"

గీతలు నునుపు చేసినప్పుడు ఆ గొయ్యి నేనే పూడ్చీసాను. తప్పులా కనబడింది నాకు.

"నువ్వెందుకు పూడ్చేవు? వాడి ఊపిరి నా చేతి కంటే పెద్దదని జనానికి తెలియొద్దూ?"

ఇంటికొచ్చి దాచుకున్న కాపీ తెరిచాను. ఆ పద్యానికి నునుపు తీసేసి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ పెట్టాను, ఇప్పుడు నడుస్తోంది. సిరొంచ తమ్ముడూ, ఒక్క సందేహం మిగిలింది. ఆ గొయ్యిలో విలువ 38 కన్నా కిందికి పోవాలంటే ఆ ఒక్క చోట చేత్తో గీయాలా, వేరే దారి ఉందా?

సిరొంచ లైనక్స్ · గురువారం రాత్రి 8:52

చేత్తోనే గీయి అన్నా. మాస్టారును పక్కన కూసోబెట్టుకొని గీయి.